మూడో పెట్టె

ఆదివారం పొద్దున మేష్టారి నంబరు నుంచి ఫోనొస్తే, పెట్టె సంగతి అడగడానికే అనుకుని ఎత్తలేదు. రెండోసారి ఎత్తాను. ఆయన భార్య. "మేష్టారు వెళ్ళిపోయారమ్మా" అని, "నీ కోసం చేసిన బోర్డు బల్ల మీదే ఉంది" అన్నారు.

అరకులో మాకు ఫిజిక్స్ చెప్పిన మనిషి. నన్ను డిగ్రీ చదివించమని మా నాన్నను ఒప్పించిందీ ఆయనే. మా క్లాసమ్మాయి ఒకతె రాగుల చేలో పిడుగుపాటుకు చనిపోయిన ఏడాది నుంచి ఆయనకు ఒకటే ధ్యాస. పిడుగులు ఎటు కదులుతున్నాయో తెలిస్తే ముందున్న ఊరికి ఫోన్ చెయ్యొచ్చు. మెరిసినప్పుడు పుట్టే రేడియో చప్పుడు మూడు చోట్ల పెట్టిన మూడు పెట్టెలకు ఎప్పుడెప్పుడు చేరిందో పోల్చి, పిడుగు చోటు పట్టాలి. మూడింటికీ టైము ఒక్కటే ఉండాలి. అందుకని ఉపగ్రహాల నుంచి టైము తీసుకునే జీపీఎస్ బోర్డులు తెప్పించి ఆయనే టంకం పెట్టి అతికేవారు.

"సెకనులో పది లక్షల్లో ఒక వంతు తప్పితే మూడొందల మీటర్లు తప్పినట్టే. పక్కోడి సేనైపోద్ది" అనేవారు.

ఒక పెట్టె అరకులో ఆయన డాబా మీద, ఒకటి పాచిపెంటలో ఆయన స్నేహితుడింట్లో, మూడోది జి.మాడుగుల దగ్గర మా ఊళ్ళో. మూడూ ఆయనింట్లో కంప్యూటర్‌కు టైము పంపుతాయి. ఆంటెన్నా పచ్చడి సీసా మూతంత. పెరటి గోడకు బిగించి రోజంతా కదపకుండా ఉంచితే గానీ తానెక్కడుందో తేల్చుకుని సరైన టైము చెప్పదు. నేను పది నిమిషాలకోసారి లేచి చూస్తుంటే, బిగించడానికొచ్చిన మేష్టారు నవ్వారు.

"ఏటే గుంటా, దానికున్న కుదురు నీకు లేదేటి?"

లేదు. వారం తిరక్కుండా ఇంటర్వ్యూలని విశాఖపట్నం వెళ్ళిపోయాను.

వానలు మొదలయ్యాక మేష్టారు ఫోన్ చేశారు. "మీ పెట్టెకి ఒక్క ఉపగ్రహమూ కనబడ్డం లేదు. బేగి వెళ్ళి సూడవే."

వెళ్ళకుండా అమ్మకు ఫోన్ చేశాను. "నీ పెట్టెకేటి, బంగారంలా సూసుకుంటన్నాను. సుక్క తడవనేదు" అంది. మా ఇంట్లో అంతా బాగానే ఉందని, లోపం బోర్డులోనే ఉండొచ్చని మేష్టారికి చెప్పాను.

"అయితే నా సెయ్యే. వణుకుతంది కదా, ఎక్కడో అతుకు వదిలేసుంటాను."

అప్పటికే ఆయనకు వారానికి రెండు డయాలసిస్‌లు. మధ్య రోజుల్లో భూతద్దం పెట్టుకుని కొత్త బోర్డు అతికారు. వచ్చే వారం అది తీసుకుని ఊరెళ్తానని నాలుగుసార్లు చెప్పాను. "మూడూ కలిసి ఒక్క పిడుగు పట్టుకుంటే సాలు. ఒక్కటే" అన్నారు చివరి ఫోన్‌లో.

మేష్టారి దినం అయ్యాక ఊరెళ్ళాను. ఆంటెన్నా మీద సొట్టపోయిన సత్తుగిన్నె బోర్లించి ఉంది. పైన రాయి. ఆ గిన్నె కింద దానికి ఆకాశమే లేదు.

"తడిసి పాడైపోద్దని కప్పినానే. తప్పా?" అంది అమ్మ.

గిన్నె తీసి అమ్మ చేతికిచ్చాను. కాసేపటికి పెట్టె మీది ఎర్ర లైటు సెకనుకోసారి వెలగసాగింది. బోర్డుకేమీ కాలేదు. ఆయన ఒక్క అతుకూ వదల్లేదు. ఆ మాట చెబుదామంటే మనిషి లేడు. మూడు టైములూ కలిపి లెక్కకట్టే కంప్యూటర్ అటకెక్కింది. పాచిపెంటలో వైరు పీకేశారట. నువ్వైనా చెయ్యొచ్చుగా అని మీరడిగితే, నాకు అతకడం రాదు. ఆయన నేర్పుతానంటే, తర్వాత మేష్టారూ అన్నదాన్ని.

"ఇప్పుడు టైము సరిగ్గా సెప్తందా?"

"సెప్తందమ్మా."

ఎవరికని అమ్మ అడగలేదు. చినుకులు పడ్డాయి. గిన్నెను రెండు చేతులా వెనక దాచుకుని, ఆ లైటునే చూస్తూ అలాగే తడిసింది.