ప్రమీలక్క సెలవు పెట్టిన వానాకాలం

దమ్మపేట దాటి అడవి వైపు పోయే దారిలో ఒక పెంకుటిల్లు ఉండేది. వసారాలో రెండు బల్లలు, మందుల బీరువా, గోడకి ఆనించిన సైకిళ్లు. అదే మా ‘చెలిమ’ సంఘం. ఎండాకాలంలో వాగు ఇంకిపోతే గూడేల ఆడవాళ్లు ఇసుకలో గుంట తోడి, ఊరిన నీళ్లు ముంచుకుంటారు. ఆ గుంటని చెలిమ అంటారు. సంఘానికి ఆ పేరు పెట్టింది ప్రమీలారాణి. నేను 1979లో అక్కడ ఆరోగ్య కార్యకర్తగా చేరాను. ఇప్పటికీ ఎక్కడైనా టింక్చర్ వాసన తగిలితే నాకు ముందు ఆ వసారా, తర్వాత ఆమె నవ్వు గుర్తొస్తాయి.

ప్రమీలక్క తల్లిదండ్రులు కృష్ణా జిల్లా నుంచి వచ్చి తల్లాడ దగ్గర పొలాలు కొనుక్కున్న రైతులు. ఆమె నర్సు చదువు చదివింది. సర్కారు ఉద్యోగం చేతికొచ్చాక వదులుకుని 1975లో ఈ అడవి అంచున ఉండిపోయింది. ఎందుకొచ్చావక్కా అని అడిగితే, “టీకాలెయ్యడానికొచ్చాను. వాగు పొంగింది. దిగేదాకా గూడెంలోనే ఉన్నాను. తర్వాత పోబుద్ధి కాలేదు” అనేది.

మొదట కాలినడక, తర్వాత సైకిలు, ఆ తర్వాత ఒక పాత జీపు. జీపుతో పాటే ఖమ్మం నుంచి సిరాజుద్దీన్ డ్రైవరుగా వచ్చాడు. చలిజ్వరాలకి మాత్రలివ్వడం, రక్తం పరీక్షకి పంపడం, కాన్పులు చేసే మంత్రసానులకి శిక్షణ ఇవ్వడం మా పని. ప్రమీలక్క కోయ మాటలు నేర్చుకుంది గానీ పలకడం ఎన్నడూ కుదరలేదు. ఆమె నోరు విప్పితే ఆడవాళ్లు కొంగులు అడ్డం పెట్టుకుని నవ్వేవాళ్లు. ఆమె వాళ్లకంటే ఎక్కువ నవ్వేది. వాళ్ల ఇళ్లలో జావ తాగేది, వాళ్ల పెళ్లిళ్లలో తెల్లవార్లూ కూర్చునేది. ఏ ఇంట్లో ఎవరికి ఎవరితో మాటల్లేవో, ఏ పిల్ల ఎప్పుడు నడిచిందో ఆమెకి తెలుసు. సెలవు మాత్రం ఎరగదు. కన్నతండ్రికి బాగాలేదని తల్లాడ పోయి, సాయంత్రం బస్సుకే తిరిగొచ్చిన మనిషి.

ఆ నవ్వు ఎప్పుడు తగ్గిందో సరిగ్గా చెప్పలేను. అన్నం నిలబడి తినడం మొదలెట్టింది. దూది కట్ట చోటు మారితే మా మీద అరిచేది, అరిచాక తలనొప్పి అని కణతలు పట్టుకునేది. పని ఎక్కువైందనుకున్నాం.

1988 వానాకాలం. ఒక మధ్యాహ్నం సీతయ్య అనే మనిషి తడిసి ముద్దయి వచ్చాడు. పొద్దున్నే కాన్పులో భార్య పోయిందని చెప్పాడు. ప్రమీలక్క రాసుకుంటున్న కాగితం మీంచి తలెత్తలేదు.

“ఏ ఊరు? ఎన్నో కాన్పు?” అంది.

సీతయ్య మొహం మీది వాన నీళ్లు తుడుచుకున్నాడు. తర్వాత, “ఏ ఊరని అడుగుతున్నవా అక్కా? మా పెండ్లికొచ్చినవ్ గద. జోగమ్మ చెయ్యి పట్టుకొనే గద వాగు దాటినవ్,” అన్నాడు. గొంతులో కోపం లేదు. ఆశ్చర్యమే ఉంది.

ప్రమీలక్క కలం కింద పెట్టి పెరట్లోకి పోయింది. నేను సీతయ్యకి పొడిబట్టలిచ్చి, ఆమెను వెతుక్కుంటూ వెళ్లేసరికి బావి గట్టు మీద కూర్చుని ఉంది. పక్కన సిరాజుద్దీన్ నిలబడి ఉన్నాడు.

“నాకు ఏడుపు రాలేదు సిరాజూ. మనిషి పోయిందంటే ఎన్నో కాన్పని అడిగాను. ఇప్పుడు కూడా రావట్లేదు,” అంది.

సిరాజుద్దీన్ కాస్త దగ్గరకొచ్చాడు. “ఒకమాట చెప్త సిస్టరమ్మా, కోపం చెయ్యొద్దు. జీపుకైనా అప్పుడప్పుడు ఇంజను దించి చూస్తం. మీరొచ్చినకాడి నుంచి ఆగిందే లేదు. కొన్నాళ్లు ఎటన్నా పోండి. పని ముట్టొద్దు.”

“నేను మానేస్తాను. ఇంకొకర్ని చూసుకోండి.”

“మానుడు కాదమ్మా. పొయ్యి రండి అంటున్న.”

సంఘానికి అధ్యక్షుడు వెంకటరామారావు గారు. దమ్మపేటలో పెద్ద రైతు, మంచి మనిషి, కాస్త భయస్థుడు. ప్రమీలక్కకి ఆర్నెల్లు సెలవివ్వాలని కమిటీలో మాట రాగానే ఆయన కుర్చీలో కదిలారు.

“సెలవంటే పెళ్లికో చావుకో పెడతారమ్మా. ఊరికే ఆర్నెల్లేమిటి? మీరు లేకపోతే ఇది నడుస్తుందా?”

“నేను లేకపోతే నడవదంటే, ఇన్నాళ్లూ నేను చేసిందేమిటండీ?” అంది ప్రమీలక్క.

చివరికి ఆయన ఒప్పుకున్నారు. వచ్చే ఏడాది వెళ్లాలని, ఈలోగా మాకు పని అప్పగించాలని తేలింది. ఎండాకాలంలో వెళ్తానంది ప్రమీలక్క. అప్పుడు జ్వరాలు తక్కువ. ఒప్పుకోనిది బాలి. బాలి కోయ ఆడమనిషి. మంత్రసాని శిక్షణకని వచ్చి మాతోనే ఉండిపోయింది. గూడెంలో ఆమె మాట్లాడుతుంటే ముసలివాళ్లు కూడా చుట్ట పక్కన పెట్టి వినేవాళ్లు.

“ఎండకాలం పని లేనప్పుడు పోతే మాకేం తెలుస్తది? వానలల్ల పో అక్కా. అప్పుడు తెలుస్తది మేం ఉన్నమో లేమో.”

అప్పగింతలు మొదలయ్యాక గానీ మాకు అర్థం కాలేదు, సంఘమంతా ఆమె తలకాయలోనే ఉందని. టీకాల పెట్టెకి ఐసు సత్తుపల్లిలో ఎవరిస్తారు, ఏ ఫారెస్టు గార్డు మంచిగా మాట్లాడితే వింటాడు, ఏ పూజారిని ముందు పలకరిస్తే ఆ గూడెంలో మాత్రలు మింగుతారు, ఇవేవీ మాకు తెలియవు. ఆమె మమ్మల్ని వెంటబెట్టుకుని ఊరూరా తిరిగింది. గూడేల బాధ్యత బాలిది, మందులూ ఆఫీసూ నావి, బండీ బయటి పనులూ సిరాజుద్దీన్‌వి. ప్రతిచోటా, “ఇకనుంచి బాలి చెప్పిందే నేను చెప్పినట్టు” అనేది.

గూడేల్లో అక్కకి పెద్దరోగమని పుకారు పుట్టింది. దమ్మపేట సంతలో పెళ్లి చేసుకుంటోందని పుట్టింది. ఆ రెండోది విని ప్రమీలక్క చాలా రోజుల తర్వాత నవ్వింది. “పెళ్లికొడుకు ఎవరో కూడా చెప్తే చూసొస్తాను,” అంది.

వెళ్లబోయే ముందు ఒకసారి ఉత్తుత్తి సెలవు పెట్టి చూశాం. ఆమె ఇంట్లోనే ఉండాలి, మేమేమీ అడగకూడదు. తెల్లారి మందుల పెట్టెలు జీపులోకి ఎక్కిస్తుంటే కంచె మీంచి ఆమె తల కనిపించింది.

“ఆ సీసాలు అడుగున పెట్టకే రుక్మిణీ!” అని నన్ను కేకేసింది.

బాలి నడుమున చేతులు పెట్టుకుంది. “అక్కా, లోపలికి పో. సీసాలు పగిలితే మావే పగుల్తయ్.”

తల కిందికి పోయింది. రెండు సీసాలు నిజంగానే పగిలాయి. ఎవరం చెప్పలేదు.

తొలకరి పడ్డాక ఆమె బస్సెక్కింది. నేలకొండపల్లిలో లతీఫా ఇంటికి. లతీఫా ఆమెతో నర్సు చదువు చదివిన స్నేహితురాలు. భర్త మహబూబ్ అలీకి బట్టలు కుట్టే దుకాణం. అక్కడి సంగతులు తర్వాత ప్రమీలక్కే చెప్పింది. మొదట్లో బస్సు హారను వినపడితే చాలు, ఎవరో తనకోసం వచ్చారని లేచి కూర్చునేదట. తర్వాత నిద్ర పట్టింది. తిని పడుకోవడం, సాయంత్రం ఊరి బయట పాత ఇటుకల దిబ్బ దాకా నడిచి రావడం. లతీఫా కుట్టు మిషను ముందు కూర్చోబెడితే జాకెట్టు కుట్టింది. రెండు చేతులూ ఒకే వైపుకొచ్చాయట.

“నర్సుగనే బతుకు తల్లీ, దుకాణం మునుగుతది,” అన్నాడట మహబూబ్ అలీ.

ఒక మధ్యాహ్నం ఆకుపచ్చ గుడ్డకి అంచు మడుస్తుంటే జోగమ్మ కనిపించిందట. పెళ్లినాటి ఆకుపచ్చ చీరలో, మోకాలి లోతు నీళ్లలో నిలబడి, “భయపడకు, నా చెయ్యి ఇడువకు” అంటూ. ఆ గుడ్డ మొహానికి అడ్డం పెట్టుకుని ఏడ్చిందట. లతీఫా ఎందుకని అడగలేదు. వీధి తలుపు దగ్గరగా వేసి, పక్కన కూర్చుంది.

ఆ ఏడాది ఆగస్టులో ఇక్కడ వాగు అవతలి గూడేల్లో వాంతులూ విరేచనాలూ పట్టుకున్నాయి. జీపు వాగు దాటదు. వెంకటరామారావు గారు వణికిపోయారు.

“ఆవిడకి టెలిగ్రాం కొట్టండి, ఇంక ఆగితే లాభం లేదు!”

నాకూ అదే అనిపించింది. బాలి తల అడ్డంగా ఊపింది. “అక్కొస్తే మనం అక్క మొఖం జూస్తం. జనం మొఖం ఎవరు జూడాలె? అయ్యా, మీ ట్రాక్టరీయండి.”

ఆయన ట్రాక్టరివ్వడమే కాదు, తనే ఎక్కి వాగు దాకా వచ్చారు. సిరాజుద్దీన్ దవాఖానా డాక్టర్ని బతిమాలి తీసుకొచ్చాడు. మేం మందులు నెత్తిన పెట్టుకుని నడుము లోతు నీళ్లలో దాటాం. ఉప్పూ చక్కెరా కలిపిన నీళ్లు గుక్కగుక్కగా పట్టిస్తూ, ఇంటింటికీ తిరిగి నీళ్లు మరగబెట్టించాం. గూడెం గట్టెక్కింది. ఇద్దరు పసివాళ్లని మాత్రం దక్కించుకోలేకపోయాం.

చలికాలంలో తిరిగొచ్చిన ప్రమీలక్క కాస్త ఒళ్లు చేసింది. విషయం విని మొహం మాడ్చుకుంది.

“నాకెందుకు చెప్పలేదు?”

“చెప్తే నువ్వొస్తవ్,” అంది బాలి.

“నేనుంటే ఆ ఇద్దరూ...”

“దక్కుదురో లేదో నాకూ తెల్వదక్కా. రోజూ అనుకుంటనే ఉన్న.” బాలి కూర్చున్నచోటే తల దించుకుంది.

ప్రమీలక్క లేచి ఆమె తలని పొట్టకి అదుముకుంది. మర్నాడు ఇద్దరూ కలిసి ఆ రెండు ఇళ్లకీ వెళ్లొచ్చారు. అక్కడేం మాట్లాడుకున్నారో నేనడగలేదు.

ఆమె మళ్లీ పాత కుర్చీలోనే కూర్చుంటుందనుకున్నాం, కూర్చోలేదు. గూడేల పని బాలికే ఉంచేసి, తను మంత్రసానుల శిక్షణ ఒక్కటే తీసుకుంది. ఆమె కోయ మాటలకి మళ్లీ జనం నవ్వడం మొదలెట్టారు. ఎక్కువ కాలం పనిచేసినవాళ్లెవరైనా సెలవు తీసుకోవాల్సిందేనని కమిటీ తీర్మానం చేసింది. ప్రతిపాదించింది వెంకటరామారావు గారే! సిరాజుద్దీన్ తన సెలవులో ఖమ్మంలో చెల్లెలు ఫజిలత్ ఇంట్లో ఉండి, చొక్కా గుండీలు పట్టనంతగా లావెక్కి వచ్చాడు.

బాలి వంతు 1995లో వచ్చింది. “నేనేం జేస్త సెలవుల?” అని ఏడాదిపాటు తప్పించుకుంది. చివరికి భద్రాచలం అవతల ఉన్న అక్క ఊరికి పోతానంది. బస్సు కదిలాక కూడా కిటికీలోంచి తల బయటపెట్టి, ఎవరికి నెలలు నిండాయో, ఎవరింటికి రేపే పోవాలో అరిచి చెప్తూనే ఉంది. ప్రమీలక్క పొట్ట పట్టుకుని నవ్వింది. బస్సు మలుపు తిరిగింది. మేమిద్దరం సంతలో లేత వంకాయలు కొనుక్కుని, మాట్లాడుకుంటూ నడిచొచ్చాం.