వదిన కారుకు నేను పెట్టిన మెరుపు

మా వదిన కారును నేను పాడుచేశాను. దేనికీ తగిలించలేదు, గోతిలో దింపలేదు. శుభ్రం చేశాను.

వదిన కళ్యాణదుర్గంలో టీచరు. ఇరవై ఏళ్లు బస్సులో నిలబడి ప్రయాణం చేసి, యాభై దాటాక డ్రైవింగ్ నేర్చుకుని, తన జీతంతో కొనుక్కున్న ముదురు నీలం కారు అది. మా అన్నను కూడా ముట్టుకోనివ్వదు. మోకాలి ఆపరేషన్‌కు పోతూ తాళాలు నా చేతిలో పెట్టి, "ఇంకెవరినీ నమ్మను శారదా, నీకే ఇస్తాండా" అంది. నెల రోజులు బుక్కరాయసముద్రంలో మా షెడ్డులో పెట్టుకున్నాను.

మా ఇళ్లల్లో అరువు తెచ్చిన గిన్నెనే ఖాళీగా తిరిగివ్వరు. కారును దుమ్ముతో ఎలా ఇస్తాను? పాలిష్, వ్యాక్స్ కొన్నాను. డబ్బా మీద మొదటి మాటే, ఇసుక రేణువు కూడా లేకుండా కారును కడగమని. చదివాను. అర్థమైంది కూడా. కానీ ఆ రోజు ఐదు రోజుల తర్వాత మా వీధికి కుళాయి నీళ్లు వచ్చాయి. బిందెలు వరసగా ఉన్నాయి. నీళ్లకు నిలబడినవాళ్లందరి ముందు కారుకు నాలుగు బకెట్లు పోసే ధైర్యం నాకు లేదు. పొడిగుడ్డతో దులిపి, పాలిష్ పూసి, రెండు గంటలు గుండ్రంగా రుద్దాను. గుడ్డ కింద కరకరమంటుంటే పాలిష్ బాగా పనిచేస్తోందని సంతోషించాను.

ఎండలోకి తెచ్చి చూస్తే బానెట్ నిండా సున్నాల్లాంటి గీతలు, స్టీలు పీచుతో తోమినట్టు. వ్యాక్స్ పూస్తే కనబడవనుకున్నాను. గీతలు కూడా మెరిశాయి.

అనంతపురంలో పెయింటర్ చెయ్యి పెట్టి చూశాడు. "దుమ్ము పైన ఉండేది అక్కా. నువ్వు లోపలికి ఎక్కించినావు" అన్నాడు. మిషన్‌తో పైపై గీతలు పోతాయట, లోతువి పోవట. గాలిదుమ్ముకు ఇట్లయిందని చెప్పమని సలహా కూడా ఇచ్చాడు. కళ్యాణదుర్గం దాకా ఆ మాటే మనసులో వల్లించుకుంటూ నడిపాను.

వదిన వాకర్ పట్టుకుని బయటికొచ్చింది. బానెట్ మీద గీతల వెంట వేలు తిప్పింది. "గాలిదుమ్ముకేమోలే" అంది.

ఆమే దారి ఇచ్చింది. నేనే ఆ దారి పట్టలేకపోయాను.

"గాలి కాదు వదినా, నేనే" అని మొత్తం చెప్పాను.

ఆమె నా మొహం చూడలేదు. "నాలుగు బకెట్లు మిగిల్చినావు కదా. పోయి తాగు" అని లోపలికి పోయింది.

ఆమె వంగి పని చేసుకోగలిగేదాకా ఆ కారును నేనే కడగాలని ఆ పూటే అనుకున్నాను. ఐదు నెలలైంది, ఒక్క ఆదివారం కూడా తప్పలేదు. పొద్దున్నే బస్సెక్కి పోయి, వీధి మొత్తం చూస్తుండగా బకెట్ల కొద్దీ నీళ్లు పోస్తాను. వదిన కుర్చీ వేసుకుని పక్కనే కూర్చుంటుంది. మాట్లాడుతోంది, కాఫీ కూడా ఇస్తోంది. తుడిచే గుడ్డ మాత్రం తన ఒళ్లోనే పెట్టుకుంటుంది, తడి తుడిచే పని ఇంకా నాకివ్వలేదు.