క్షయకరణం చేసే మామ

ఈ రోజు చిత్తూరులో మా ఇంటర్ క్లాసులో, ఎలక్ట్రాన్లను పొందడమే క్షయకరణమని చెప్పాను. లావణ్య లేచింది.

"క్షయమంటే తగ్గేది గదా సార్? వచ్చి చేరితే ఎట్ల తగ్గతాది?"

పద్దెనిమిదేళ్లుగా ఈ ప్రశ్నకు నా జవాబు ఒకటే: "రూలంతే, రాసుకోండి." మళ్లీ అదే అనబోతుంటే వెనక బెంచీలోంచి గిరిజ అందుకుంది.

"ఎలక్ట్రాన్ మైనస్ గదే! మా మామ ఇంటికొస్తే ఒక మనిషి జాస్తి అవతాడు, నెమ్మది తగ్గిపోతాది. ఎలక్ట్రాన్ చేరితే ఆక్సీకరణ సంఖ్యా అంతే, తగ్గతాది!"

తర్వాత బోర్డు మీద ఇనుము సంఖ్య ప్లస్ మూడు నుంచి ప్లస్ రెండుకు దిగగానే క్లాసంతా ఒకటే అరుపు: "మామొచ్చినాడు సార్!"

గిరిజకు అక్కడే చేతులెత్తి దండం పెట్టాను. ఇంటికొచ్చి చెబితే మా ఆవిడ నావైపే చూసి నవ్వింది. మీ ఇంటి ఎలక్ట్రాన్ ఎవరు?