హౌజు దగ్గరికి మగవాళ్ళను పిలిచిన రోజు

టీచరమ్మ తల నీళ్ళ కింద ఉంది. పైకి వస్తున్న బుడగలు ఆగిపోయాయి. నాకు భయం పుట్టింది సరిగ్గా అప్పుడే.

హైదరాబాదు పాతబస్తీలోని జహనుమాలో మా అద్దె ఇంటి పక్కన ఒక పాత దేవిడీ, నవాబుల కాలం నాటి పెద్ద బంగళా, ఉండేది. లోపల ఆడవాళ్ళ వైపు చిన్న హమామ్ గది, దాని ముందు రాతితో కట్టిన నీళ్ళ హౌజు. డెబ్బైల మొదట్లో, ఆ ఇంటి పెద్దావిడ ఆదివారం పొద్దున్నే గల్లీలోని ఆడవాళ్ళ కోసం ఆ గదిని తెరిచేది. ఆవిడను అందరం ఖాలా, అంటే పిన్ని, అనేవాళ్ళం. ముందు వరండాలో చాపలు పరిచి, బడిలో పాఠాలు చెప్పి రిటైరైన టీచరమ్మ ఆసనాలు వేయించేది. తర్వాత హమామ్‌లో, కాలిన రాళ్ళ మీద నీళ్ళు చల్లుకుంటూ ఆవిరికి చెమటలు కారేదాకా కూర్చునేవాళ్ళం. చివర్న లంగాలు గుండెల మీదికి కట్టుకుని చల్లటి హౌజులో ఒక్క మునక. కోస్తా నుంచి కొత్తగా వచ్చి, ఇద్దరు పిల్లలకు ఏమవుతుందోనని ఎప్పుడూ దిగులుపడే నాకు వారం మొత్తంలో ఒళ్ళు తేలికయ్యేది ఆ పూటే.

ఖాలా పెట్టిన షరతు ఒక్కటే. ఎంత తెలిసినవాడైనా సరే, మగవాడు గడప దాటేముందు ‘పర్దా’ అని కేక వినబడాలి. వినగానే ఆవిడ లోపలికి వెళ్ళిపోయేది. ఇంటివాళ్ళు కాని మగవాళ్ళెవరూ ఆవిడ ముఖం చూసి ఎరగరు.

ఆవిరిలోంచి వచ్చి ఒక్కసారిగా చన్నీళ్ళలో దిగితే గుండె ఆగవచ్చని ఎక్కడో చదివాను. బుడగలు ఆగగానే అదే బుర్రలో తిరిగింది. ఖాలా హౌజు పక్కనే కూర్చుని జుట్టు ఆరబెట్టుకుంటోంది. ఆవిడతో ఒక్క ముక్క చెప్పలేదు. తడి లంగాతోనే వీధిలోకి పరుగెత్తి, టీచరమ్మ చచ్చిపోతోంది, రండి రండి అని అరిచాను. ఎదురుగా సైకిల్ షాపులో ఉన్న ఇద్దరు పని వదిలేసి నా వెంట వచ్చారు.

మేం లోపలికి వచ్చేసరికి టీచరమ్మ నిలబడి ముఖం తుడుచుకుంటోంది. ఊపిరి బిగబట్టే సాధన చేస్తోందట. వాళ్ళిద్దరూ తలలు దించుకుని వెనక్కి తిరిగారు. కానీ అప్పటికే ఖాలా ముఖం చూశారు. మోకాళ్ళ నొప్పులతో ఖాలా చటుక్కున లేవలేకపోయింది. గోడవైపు తిరిగి, చేతికందిన తువ్వాలు తల మీదికి లాక్కుని, వాళ్ళ అడుగుల చప్పుడు పోయేదాకా అలాగే కూర్చుంది.

అప్పుడే హమామ్‌లోంచి బయటికి వచ్చిన మా పక్కింటి అక్క నన్ను ఎగాదిగా చూసింది.

“బీయే చదివినవ్ గదా చెల్లె. గా నీళ్ళు నడుం దాక గూడ లెవ్వు. జర చెయ్యి వెట్టి లేపితే అయిపోతుండె. ఇగ చీరన్న కట్టుకో, నడువ్.”

సాయంత్రం క్షమాపణ చెప్పుకోవడానికి వెళ్ళాను. ఎప్పుడూ నన్ను తన చెక్క తఖత్ బల్ల మీద పక్కన కూర్చోబెట్టుకునే మనిషి, ఆ రోజు గది గుమ్మానికి తెర దించుకుని, దాని వెనక నుంచే మాట్లాడింది. నేనూ ఆడదాన్నే. గొంతులో కోపం లేదు.

“ఏక్ లఫ్జ్ బోల్నా థా, బేటీ.”

ఒక్క మాట అనాల్సింది, అంతే. వచ్చే ఆదివారం హమామ్ వెలిగిస్తారా అని అడగకుండానే ఇంటికి వచ్చేశాను. ఇన్నేళ్ళ తర్వాత ఇప్పుడిది రాస్తుంటే కూడా ఆ తెర కళ్ళముందు కదిలి ముఖం వేడెక్కుతోంది.

మర్నాడు పొద్దున జడ వేస్తుంటే మా అమ్మాయి, “నువ్వు లంగాతోని గల్లీల ఉరికినవంట గదా అమ్మా” అంది. ఖాలాను అందరూ చూశారటగా అని పిల్లవాడు అందుకున్నాడు. దువ్వెన పక్కన పెట్టి ఇద్దరినీ దగ్గరికి పిలిచాను.

“నేను పరుగెత్తింది నిజమే. బడిలో ఎవరైనా నవ్వితే నవ్వనీయండి. ఖాలా మాత్రం అప్పుడు లోపలి గదిలో ఉన్నారు. ఆవిడను ఎవరూ చూడలేదు.”