గరుకు రంగు గది

అమీర్‌పేటకు జావా నేర్చుకోవడానికి వచ్చి రెండేళ్లు కంప్యూటర్ డబ్బాలకు రంగు కొట్టాను. ఈ మాట చెబితే మా పిల్లలు పడీ పడీ నవ్వుతారు. నాకు ఇప్పటికీ నవ్వు రాదు.

పంజాగుట్ట వైపు వెళ్లే ఒక సందులో ఒకాయన పాత కంప్యూటర్లు కొని, బాగుచేసి కోచింగ్ సెంటర్లకు అమ్మేవాడు. పొద్దున క్లాసు, మధ్యాహ్నం పని అనుకుని చేరాను. చేయి కుదిరింది. అదే నా కొంప ముంచింది. సొట్టలు పడ్డ క్యాబినెట్ మీద గరుకు రంగు స్ప్రే చేస్తే, ఇసుక చల్లినట్టు పడి సొట్టా గీతా రెండూ కనబడవు. రేకు మీద ఎవరైనా కొట్టగలరు. ముందుండే ప్లాస్టిక్ మూత దగ్గరే పనితనం తెలుస్తుంది. దాన్ని గరుకు కాగితంతో రుద్ది, కింద ప్రైమర్ వేసి, ఆరాక మూరెడు దూరం నుంచి పలచగా మూడుసార్లు కొట్టాలి. తొందరపడితే నెలకల్లా ఊడిపోతుంది.

మెల్లగా క్లాసు వేళ కూడా పనికే పోయింది. ఆ గదికి కిటికీ లేదు. దుమ్ము అంటుకుంటుందని తలుపు మూసేయాలి. గోడ అవతలే మా కోచింగ్ సెంటర్; జావా సారు మైకులో పాఠం చెబుతుంటే వినబడేది, బోర్డు మీద ఏం రాస్తున్నారో తెలిసేది కాదు. ఊపిరాడేది కాదు. ముక్కుకు కట్టుకున్న చేతిరుమాలు ఒక్కోసారి ఏడుపుతోనే తడిసేది.

మానేస్తానంటే యజమాని భుజం మీద చెయ్యి వేసేవాడు.

"గీ లాట్ జర అయిపోనియ్ తమ్మీ. ప్లాస్టిక్ మీద నీ లెక్క ఎవ్వడు కొడ్తలేడు."

తిట్టి ఉంటే ఎప్పుడో వెళ్లిపోయేవాణ్ని. పొగిడేవాడు, ఉండిపోయేవాణ్ని.

చివరికి బేగంపేటలో ఒక చిన్న కంపెనీ ఇంటర్వ్యూకు పిలిచింది. ఈ ఉద్యోగం వస్తే ఇక ఆ గది మొహం చూడక్కర్లేదు. గోళ్లలో నలుపు పోయేదాకా కిరోసిన్‌తో రుద్దుకుని వెళ్లాను. ఒకాయన నన్ను కంప్యూటర్ ముందు కూర్చోబెట్టి ప్రోగ్రాం రాయమన్నారు. పక్కనున్న క్యాబినెట్ మూత మీద రంగు పొరలు పొరలుగా లేచిపోయి ఉంది. చూడకూడదనుకున్నాను. సగం రాశాక ఉండబట్టలేక గోటితో గీకాను.

"ఏంటండీ అది?" అన్నారాయన.

"ప్రైమర్ లేదండి. రుద్దకుండా కొట్టేశారెవరో."

అక్కడితో ఊరుకోవచ్చు కదా! ఎంత దూరం నుంచి కొట్టాలో, ఎంతసేపు ఆరనివ్వాలో చేతులు ఊపుతూ మొత్తం చెప్పేశాను. జావా గురించి అడిగినప్పుడు ఇందులో పావు వంతు కూడా మాట్లాడలేదు. ఆయన శ్రద్ధగా విని, హాల్లో ఉన్న మిగతా కంప్యూటర్ల వైపు చూపించారు.

"మావన్నీ ఇలాగే ఊడిపోతున్నాయండీ. మీరు చేసిపెడతారా?"

మరి నా ఉద్యోగం సంగతేంటని అడగడానికే నోరు తెరిచాను.

"గురువారం వచ్చి మూతలన్నీ తీసుకెళతానండి" అన్నాను.