కూలి ముట్టని సాల్మన్

లక్సెట్టిపేటలో ఇళ్ల మధ్య ఇరుక్కున్న చెట్టు కొట్టించాలంటే సాల్మన్‌నే పిలుస్తారు. కొమ్మకొమ్మకూ తాడు కట్టి, గోడ మీది సున్నం కూడా రాలకుండా దింపుతాడు. పనిమంతుడే, కాదనం. కానీ ఆ మనిషికో పంతం ఉంది చూశారూ, అది చింతమొద్దు కన్నా మొండిది. కూలి తీసుకోడు. తాతల నాటి రివాజు ప్రకారం మొదటి గొడ్డలి దెబ్బ పడ్డాక ఆ చెట్టు కొట్టేవాడి సొంతం. మోటారు రంపం కొన్నాక కూడా మొదటి దెబ్బ గొడ్డలితోనే వేస్తాడు. కట్టె బండికెత్తుకుని హోటళ్లకూ ఇటుక బట్టీలకూ అమ్ముకుంటాడు. ఎవరైనా మర్యాదకు డబ్బులు చేతిలో పెట్టబోతే, తాను కూలివాణ్ని కాదనీ, కట్టెల బేరగాణ్ననీ చెప్పి చెయ్యి వెనక్కి తీసుకుంటాడు.

కూతురు మహిమ మీసేవలో పనిచేస్తుంది. పక్క ఊళ్లో ఎవరో కొట్టిన కొమ్మ బర్రె మీద పడి పెద్ద పంచాయితీ అయినప్పటి నుంచి ఆ పిల్లకు ఒకటే బెంగ. పనిలో ఉండగా ఇతరుల సొమ్ముకు నష్టం జరిగితే కంపెనీ కట్టిచ్చే బీమా ఉందని తెలుసుకుని బాపు వెంటపడింది. ఇన్నేళ్లలో ఒక పెంకు పగలగొట్టని తనకు బీమా ఏమిటని సాల్మన్ గొణిగాడు గానీ, బిడ్డ మాట తీసెయ్యలేక సంతకం పెట్టాడు.

వానలకు ముందు, రిటైరైన పంతులు శ్యాంసుందర్ ఇంట్లో వేపచెట్టు ఒరిగింది. గోడ అవతలే కైలాసం షెడ్డు, అందులో రెండు సాంచెలు, అంటే కరెంటు మగ్గాలు. పర్మిషన్ వచ్చాక సాల్మన్ చెట్టెక్కాడు. పై కొమ్మలన్నీ బుద్ధిగా దిగాయి. చివరి పెద్ద కొమ్మ మాత్రం లోపల పురుగు తిని డొల్లయిపోయింది. తాడు బిగిసేలోపే విరిగి, రేకులు చీల్చుకుని సాంచె మీద పడింది. దేవుడి దయ, కైలాసం అప్పుడే చాయ్ తాగడానికి బయటికెళ్లాడు. మనిషి దక్కాడు, సాంచె దక్కలేదు. కైలాసం పరుగెత్తుకొచ్చాడు. తెగిన దారాల పక్కన అట్లాగే కూలబడిపోయాడు. తిడితే బాగుండునని సాల్మన్‌కు అనిపించింది.

బీమా ఉంది కదా, ఫికర్ చెయ్యొద్దని మహిమ ఇద్దరికీ ధైర్యం చెప్పింది. కంపెనీ తరఫున సర్వేయరు వచ్చాడు. మంచివాడే. ఫోటోలు తీసుకున్నాడు, డబ్బు వస్తుందన్నాడు. వాడకట్టంతా చుట్టూ మూగింది. లేవబోతూ మామూలుగా అడిగాడు, చెట్టు ఎవరిదని.

ఎందుకడుగుతున్నాడని ఆలోచిస్తేగా మనవాడు! పంతులు నోరు తెరిచేలోపే అందుకున్నాడు.

"నాదే సారూ. గొడ్డలి దెబ్బ పడ్డంక చెట్టు కొట్టెటోనిదే. గీ పంతులు సారుకు దాంతోని సంబంధం లేదు."

కాలు జారితే తీసుకోవచ్చు గానీ నోరు జారితే తీసుకోగలమా? కూలికి ఇతరుల చెట్టు కొట్టేటప్పుడు జరిగే నష్టానికే ఈ బీమా అనీ, తన చెట్టు తాను కొట్టుకుంటే ఇది వర్తించదనీ సర్వేయరు నిదానంగా చెప్పాడు. కూలి ఎంత మాట్లాడుకున్నారని అడిగి దారి కూడా చూపించాడు. పంతులు సైగ చేశాడు. మహిమ బాపు చెయ్యి గిల్లింది. కానీ సాల్మన్ కూలి ముట్టడని ఆ వాడకట్టులో తెలియనిదెవరికి?

"నేను కూలి తీసుకోలే సారూ," అన్నాడు.

క్లెయిము పోయింది. సాల్మన్ మోటారు రంపం అమ్మి సాంచె బాగుచేయించాడు, వేపకట్టె అమ్మి రేకులు వేయించాడు. కైలాసం వద్దనలేదు. వద్దనే స్థితి కాదు అతనిది. మహిమ మాత్రం ఆదివారం చర్చి నుంచి వస్తూ దారంతా ఏడ్చింది. కూలి తీసుకుంటేనే బీమా పనికొస్తుందన్న ముక్క తాను చదివి కూడా బాపుకు చెప్పలేదే అని.

వానలు వెలిశాక చంద్రవ్వ వచ్చింది. ఆమె పెరట్లో తుమ్మ వాలిపోయిందట. గోడ అవతలే అంగన్‌వాడీ, పొద్దంతా పిల్లలుంటారు. ఎప్పటిలాగే కొట్టుకుని కట్టె తీసుకుపొమ్మంది. సాల్మన్ చేతిలోని గొడ్డలి గోడకు ఆనించాడు. మహిమ వైపు చూడలేదు.

"కట్టె నువ్వే ఉంచుకో అవ్వా," అన్నాడు చివరికి, తల వంచుకుని. "నాకు కూలియ్యి."