డబ్బాల ఉప్పుండాలె

చలికాలం మొదలై మా సంస్థ గేటు బయట శకర్‌కందీ బండి కనబడగానే నా రెండు చేతులూ వాటంతటవే కోటు జేబుల్లోకి దూరిపోతాయి. బొగ్గుల మీద కాలిన చిలగడదుంప తొక్క వాసన, పైన చల్లిన నల్లుప్పు ఘాటు, అప్పుడే పిండిన నిమ్మకాయ, ఈ మూడూ కలిసి ముక్కుకు తగిలాయంటే చాలు, ‘చేతులు దియ్, సేఠానీ’ అన్న గొంతు చెవిలో పలుకుతుంది. ఇవాళ కూడా పలికింది. పైన గదిలో కంప్యూటర్ మీద ఎంటర్ నొక్కి వచ్చి, దొన్నె కోసం నిలబడి ఉన్నాను. ఆ గొంతు యశోద మేడమ్‌ది.

ఢిల్లీలో వసంత్ కుంజ్ పక్కన ఉన్న ఈ పరిశోధన సంస్థలో కంప్యూటర్ల విభాగానికి అప్పట్లో ఆవిడ పెద్ద. కరీంనగర్ మనిషి. చీర మీద స్వెట్టర్, కాళ్ళకు స్పోర్ట్స్ షూ, ద్వారక నుంచి రోజూ వచ్చేవారు. ఇంట్లో పిల్లలు హిందీలో జవాబిస్తే తెలుగులో తిట్టీ తిట్టీ ఆ ఊపులోనే ఆఫీసుకు వచ్చినట్టుండేవారు. నేనేమో తెనాలిలో స్టీలు సామాన్ల కొట్టు పిల్లని. ఎక్కాలకంటే ముందు బేరం వచ్చింది నాకు. ఉద్యోగానికి ఇంటర్వ్యూలో ‘ఎప్పుడు చేరుతవ్?’ అని ఆవిడ అడిగితే రెండు వారాలన్నాను. వారం అన్నారావిడ. పది రోజుల దగ్గర తెగింది. గెలిచానని బస్సులో ఒక్కదాన్నే మురిసిపోయాను. ఆవిడ మొదటి నుంచీ పది రోజులే అనుకుని కూర్చున్నారని చేరాక తెలిసింది. ఆ రోజు నుంచే నాకు సేఠానీ, అంటే షావుకారమ్మ, అని పేరు పడింది.

మా పని చెప్పాలంటే, పరిశోధకుల పెద్ద పెద్ద లెక్కలు వాళ్ళ లాప్‌టాప్‌లలో నడవవు. ఎక్కడో దూరదేశంలో ఉన్న పెద్ద కంప్యూటర్లను ఇక్కడినుంచే అద్దెకు తీసుకుంటాం. అలా వచ్చిన మెషీన్ కొత్తగా దిగిన అద్దె వాటాలాంటిది. గోడలుంటాయి, పొయ్యి ఉండదు. ప్రోగ్రాములు ఎక్కించాలి, ఎవరెవరు లోపలికి రావచ్చో తాళాలివ్వాలి, డిస్కులు తగిలించాలి. నాకు తెలిసిన పద్ధతి ఒకటే, లోపలికి వెళ్ళి ఒక్కొక్కటీ చేత్తో టైపు చేయడం. ఏ గిన్నె ఏ అరలో సర్దానో నా చేతికి గుర్తుంటుందని దుకాణం పిల్ల గర్వం. మేడమ్‌కి ఆ గర్వం గిట్టదు. ఏం కావాలో ఒక ఫైలులో రాసిస్తే ఎన్ని మెషీన్లనైనా తనే సర్దిపెట్టే సాధనం ఒకటి ఉంది. దానికి రాసిమ్మన్నారు. నేను చేత్తో కొట్టే ఆజ్ఞలనే వరసగా ఎక్కించి ఇచ్చాను. ఒకసారి నడిపితే బ్రహ్మాండంగా ఉంది. ‘ఇంకోసారి నడుపు’ అన్నారు. సెట్టింగుల్లో రాసిందే మళ్ళీ రాసుకుంది. మూడోసారికి మెషీన్ నన్నే లోపలికి రానివ్వనంది.

‘ఉప్పు తే అని రాసినవ్ నువ్వు’ అన్నారు మేడమ్.

‘ఏ ఉప్పు మేడమ్?’

‘నీ మొగుణ్ణి దుకాణానికి తోలి ఉప్పు తే అన్నవనుకో. ఎన్నిసార్లంటే అన్నిసార్లు తెస్తడు. ఇల్లంత ఉప్పే అయితది. తెమ్మనకు. డబ్బాల ఉప్పుండాలె అని చెప్పు. ఉంటే ఊకుంటడు, లేకుంటే తెస్తడు.’

‘మా ఆయనకి అలా చెప్తే డబ్బా మూత కూడా తియ్యరు మేడమ్.’

‘గందుకే మెషీన్‌ను పెట్టుకున్నం. రాయి మళ్ల.’

మళ్ళీ రాశాను. ఈసారి ఏం చెయ్యాలో రాయలేదు, చివరికి ఎలా ఉండాలో రాశాను. మొదటిసారి నడిపితే అన్నీ సర్దుకున్నాయి. రెండోసారి నడిపితే, మార్చాల్సిందేమీ లేదని తెర మీద వచ్చింది. దాన్ని చూసి మేడమ్ ముఖం వెలిగిపోయింది. నేను మాత్రం తికమకపడ్డాను. ఒకే మాట ఐదుసార్లు అడిగితే ఐదుసార్లూ ఎంతో కొంత తగ్గే లోకంలో పెరిగినదాన్ని. ఎన్నిసార్లు అడిగినా ఒకే జవాబు చెప్పే పనిని చూడటం అదే మొదలు. సరోజినీ నగర్ బజారులో ‘ఏక్ దామ్’, అంటే ఒకటే ధర, అని బోర్డు పెట్టుకున్న కొట్లను చూసి నవ్వుకుంటూ దాటిపోయేదాన్ని. ఇప్పుడు నా చేతే ఆ బోర్డు రాయించారు.

శకర్‌కందీ నియమం కూడా ఆవిడదే. ఎంటర్ నొక్కాక గదిలో ఎవరూ ఉండకూడదు, అందరూ బండి దగ్గరికి రావాలి. ఒక చేతిలో దొన్నె, ఇంకో చేతిలో పుల్ల ఉంటే కీబోర్డు ముట్టుకోవడానికి మూడో చెయ్యి ఉండదు కదా! ‘చేతులు దియ్, సేఠానీ. నువ్వు కూసుంటె వేలు పెడ్తవ్. వేలు పెడ్తె అది నడిచినట్టు గాదు, నువ్వు నడిపినట్టు’ అనేవారు. ముట్టుకోను, ఊరికే చూస్తూ కూర్చుంటానని బేరం పెట్టాను. ‘ఏక్ దామ్. నడువ్’ అన్నారు.

నౌషీన్ మా దగ్గరికి వచ్చింది ఆ రోజుల్లోనే. లక్నో అమ్మాయి, ఢిల్లీ పొగమంచు మీద పరిశోధన. రేపు ఉదయం మంచు ఎప్పుడు కమ్ముతుందో, ఎప్పుడు విడుతుందో ఈ సాయంత్రానికే చెప్పే లెక్క ఆమెది. సీజనంతా తప్పకుండా చెప్పాలి, మంచు వచ్చాక చెబితే ఎవరికి కావాలి? కిందటి చలికాలం వేరేచోట మెషీన్ మధ్యలో చచ్చిపోయి, దాన్ని లేపేలోపే మంచు రోజులు దాటిపోయాయట. ఈసారి కూడా తప్పితే, వచ్చే చలికాలం రాకముందే ఫెలోషిప్ అయిపోతుంది. ‘మంచు నాకోసం ఆగదు దీదీ’ అంది.

ఆమెకున్న కొద్ది నిధులకు సరిపోయే మెషీన్ల కోసం నేను ఉత్సాహంగా రంగంలోకి దిగాను. కారుచవకగా ఇచ్చే రకం ఒకటి దొరికింది. షరతు ఒక్కటే, వాళ్ళకు అవసరమైనప్పుడు చెప్పీ చెప్పకుండానే వెనక్కి తీసేసుకుంటారు. ధరను కళ్ళు విప్పి చూశాను. షరతును మాత్రం, మా కొట్లో ‘అమ్మిన సరుకు వాపసు తీసుకోబడదు’ అన్న బోర్డును ఖాతాదారులు చూసినట్టు చూశాను.

‘బేరం మంచిగుంది’ అన్నారు మేడమ్. ‘ఇచ్చినోడు గుంజుకున్న దినం ఏం జేస్తవ్?’

‘మళ్ళీ లేపుతాను.’

‘చూపెట్టు’ అంటూనే, నేను అంత మురిపెంగా సిద్ధం చేసిన మెషీన్‌ను నా కళ్ళముందే తీసిపారేశారు. కొత్తది అడిగి, ఫైలు తగిలించాను. ఎంటర్ నొక్కి, బండి దగ్గరికెళ్ళి, తిని వచ్చాం. కొత్త మెషీన్ లేచి కూర్చుంది. చప్పట్లు కొట్టుకున్నాం. అప్పుడు నౌషీన్ తెర వైపు వంగి చూసి, ‘దీదీ, తెల్లవారుజామున రావాల్సిన మంచు రాత్రి జనం పడుకోకముందే వచ్చేసింది’ అంది. మెషీన్ గడియారం లండన్ వేళలో నడుస్తోంది. పాత మెషీన్లో దాన్ని మన వేళకు నేనెప్పుడో చేత్తో తిప్పేశాను, ఫైలులోకి ఎక్కించనే లేదు.

‘మంచు లండన్‌ల పడ్డది’ అన్నారు మేడమ్ తాపీగా. ‘ఆళ్లకు అలవాటే తియ్.’

‘గడియారం ఒక్కటే కదా మేడమ్, ఇప్పుడే చేత్తో...’

నా మాట పూర్తి కాకుండానే నౌషీన్ అందుకుంది. ‘ఏక్ దామ్, దీదీ.’

అనుకున్న రోజు జనవరిలో వచ్చింది. మధ్యాహ్నమైనా సూర్యుడి జాడ లేదు. అంత దట్టమైన మంచు మళ్ళీ ఎప్పుడు పడుతుందో తెలియదు, ఆ సాయంత్రానికి నౌషీన్ లెక్క తేలి తీరాలి. నేను డబ్బా విప్పి పెరుగన్నం కలుపుకుంటుంటే ‘దీదీ, మెషీన్ చలీ గయీ!’ అని అరుపు. నా బేరం షరతు నిజంగానే గుమ్మంలోకి వచ్చి నిలబడింది. అప్పటిదాకా వచ్చిన ఫలితాలు ఎప్పటికప్పుడు వేరేచోట దాగుతున్నాయి కాబట్టి అవి భద్రమే. మెషీనే లేదు. చెయ్యి కడుక్కుని కొత్తది అడిగి, ఫైలు తగిలించి, ఎంటర్ నొక్కాను. కుర్చీలోంచి లేవబుద్ధి కాలేదు. శాలువా కప్పుకుంటూ మేడమ్ వచ్చారు.

‘నడువ్.’

‘మేడమ్, ఇవాళ ఒక్కరోజు...’

‘ఇయ్యాల్నే.’

మంచులో బండి కూడా సరిగా కనబడలేదు, బొగ్గుల ఎరుపును బట్టి వెళ్ళాం. నౌషీన్ పుల్లతో ఒకే ముక్కను గుచ్చుతూ, తీస్తూ ఉంది. మేడమ్ మాత్రం ద్వారకలో మెట్రో రద్దీ గురించి, వాళ్ళ సొసైటీ మీటింగులో ఎవరో లిఫ్టు కోసం కొట్టుకున్న సంగతి గురించి గలగలా చెబుతూనే ఉన్నారు. జన్మలో బేరమాడని మనిషి, ‘భయ్యా, ఇస్ బచ్చీ కో థోడా నింబూ ఔర్’ అని నౌషీన్ దొన్నెలో నిమ్మరసం అడిగి పిండించారు. ఈవిడకు గుండె ఉందా, రాయి ఉందా అనుకుంటూ అప్పుడు ఆవిడ దొన్నె వైపు చూశాను. ఒక్క ముక్క కూడా తగ్గలేదు. నిండుగా ఎలా ఇచ్చాడో అలాగే ఉంది. ఆవిడ కూడా నేను చూడటం చూశారు. వెంటనే ఒక ముక్క తీసి నోట్లో వేసుకున్నారు.

పైకి వెళ్ళేసరికి మెషీన్ లేచి ఉంది. గడియారం ఢిల్లీదే. ఆగినచోటి నుంచి లెక్క మళ్ళీ అందుకుని పరిగెడుతోంది. నౌషీన్ నన్ను వాటేసుకుని ఏడుస్తూ నవ్వుతూ ఉంటే వెనకనుంచి ‘ఇంకోసారి నడుపు’ అన్నారు మేడమ్. నడిపాను. మార్చాల్సిందేమీ లేదంది. ‘ఉప్పుంది’ అని తన గదిలోకి వెళ్ళిపోయారు. మర్నాడు నేనుండే లక్ష్మీ నగర్‌లో మెట్రో ఎక్కితే యమున మీద వంతెన ఉంది కానీ కింద యమున లేదు, అంతా తెలుపే. నౌషీన్ చెప్పిన వేళకే కమ్మింది. ఆఫీసులకు ఆలస్యమైపోయి బోగీ అంతా తిట్టుకుంటుంటే, కిటికీకి ముక్కు ఆనించి నవ్వుకున్నది నేనొక్కదాన్నే.

నౌషీన్ ఇప్పుడు డాక్టర్ నౌషీన్. మేడమ్ రిటైరై కరీంనగర్ వెళ్ళిపోయారు. ఫోన్ చేస్తే బాగున్నావా అని అడగరు, ‘డబ్బాల ఉప్పుందా?’ అంటారు. ఇవాళ కూడా సరిగ్గా దొన్నె చేతికి వచ్చాకే మోగింది.

‘డబ్బాల ఉప్పుందా, సేఠానీ?’

‘ఇంకా చూడలేదు మేడమ్. బండి దగ్గరే ఉన్నాం.’

‘తింటున్నవా?’

పక్కన కొత్తగా చేరిన పరిశోధకుడు బిక్కమొహంతో పుల్ల పట్టుకుని నిలబడ్డాడు. పైన లేస్తున్నది అతని మెషీనే. అతనికి వినబడేలా, ‘హాయిగా తింటున్నా మేడమ్’ అన్నాను. అవతల ఆవిడ పకపకా నవ్వారు. ముట్టని నా దొన్నె కరీంనగర్ నుంచే కనబడినట్టుంది.

బండి భయ్యాకు కూడా కనబడింది. నేను నోరు తెరవకముందే ‘నింబూ ఔర్?’ అన్నాడు. అడక్కుండా ఎవరైనా ఏదైనా ఇస్తే అనుమానించే వంశం మాది. అయినా ఒక ముక్క నోట్లో వేసుకుని, ‘ఔర్’ అన్నాను. పక్కనున్న కుర్రాణ్ణి చూపిస్తూ, ‘ఇస్ బచ్చే కో భీ.’